చీటీలో తొమ్మిది సరుకులు, బుట్టలో ఇరవై రెండు: మధ్యలో ఏం జరుగుతోంది?

వేళచ్చేరి వాణి

ఆడి తళ్ళుబడి (తమిళుల ఆడి నెల తగ్గింపు అమ్మకాలు) బోర్డులు మళ్ళీ లేచాయి. చెన్నై టీనగర్‌లో నడవడానికి చోటు లేదు, ఫోన్ తెరిస్తే యాప్‌ల గోల. అనుకోని వస్తువు మనచేత ఎలా కొనిపిస్తారో ఈ వ్యాపారం తెలిసినవాళ్ళు విడమరిచి చెప్తే బాగుంటుంది. సూపర్‌మార్కెట్, బట్టల కొట్టు, యాప్‌లు, మూడూ కావాలి. "మనసు అదుపులో పెట్టుకోండి" లాంటి సలహాలు మాత్రం దయచేసి వద్దు. ఏ అరలో ఏం పెడతారు, ఎందుకు పెడతారు, దానికి విరుగుడేమిటి? అంతవరకే.

షెల్ఫ్ సర్దేవాడు

సూపర్‌మార్కెట్ సంగతి నేను చెప్తాను.

ముందు ఒక పాత విషయం. మన కిరాణా కొట్లో చీటీ ఇస్తే కొట్టాయనే పొట్లాలు కట్టి ఇచ్చేవాడు. సరుకు బల్లకు అవతల, మనం ఇవతల. కంటపడి నోరూరించేవి బల్ల మీద గాజు సీసాల్లోని పప్పుండలు, బిస్కెట్లు మాత్రమే. అమెరికాలో మెంఫిస్ ఊళ్ళో 1916లో క్లారెన్స్ సాండర్స్ అనే ఆయన పిగ్లీ విగ్లీ పేరుతో కొట్టు తెరిచి, ఆ బల్ల తీసేసి జనాన్ని అరల మధ్యకు పంపాడు. 1937లో సిల్వన్ గోల్డ్‌మన్ చక్రాల బండి తెచ్చాడు. చేతిబుట్ట బరువెక్కితే చెయ్యి నొప్పెట్టి ఆగుతాం, బండికి ఆ బాధ లేదు. ఇవాళ్టి సూపర్‌మార్కెట్ కిటుకులన్నీ ఈ రెండు మార్పుల మీద కట్టినవే.

ఇక అరలు. ఏ వస్తువు ఏ అరలో, ఎన్ని వరసల్లో ఉండాలో గీసిన పటాన్ని ప్లానోగ్రామ్ అంటారు. సరుకు సర్దే కుర్రాడికి సొంత ఇష్టం ఏమీ ఉండదు, ఆ పటం ప్రకారమే పెట్టాలి. నిలబడినప్పుడు కంటికి ఎదురుగా వచ్చే అర అన్నిటికంటే ఖరీదైన చోటు. లాభం ఎక్కువున్నవీ, కంపెనీ డబ్బు కట్టి చోటు తీసుకున్నవీ అక్కడుంటాయి. అదే రకం సరుకు తక్కువ ధరలో కావాలంటే మోకాళ్ళ దగ్గరకు వంగాలి, లేదా మెడ ఎత్తాలి. పిల్లల వస్తువులకు మాత్రం లెక్క వేరు. బండిలో కూర్చున్న పిల్లాడి కంటికీ, నడిచే పిల్లాడి చేతికీ అందే ఎత్తులో పెడతారు.

అరల వరస చివర, దారికి అడ్డంగా కనపడేదాన్ని ఎండ్ క్యాప్ అంటాం. అక్కడ గుట్ట పోసి పెద్ద పసుపు కార్డు పెడితే ఎవరికైనా ధర తగ్గిందనే అనిపిస్తుంది. చాలాసార్లు ఆ కార్డు మీద ధర ఒక్కటే ఉంటుంది, పాత ధర ఉండదు. అంటే తగ్గింపు లేదు, గుట్ట మాత్రమే ఉంది. తొట్టిలో కలగాపులగంగా పోసిన సరుకూ అంతే. చిందరవందరగా ఉంటే వదిలించుకుంటున్నారేమో, చవకేమో అనిపిస్తుంది. ఒక ప్యాకెట్ తిప్పి ఎంఆర్‌పీ చూస్తే ఐదు క్షణాల్లో తేలిపోతుంది.

మీరు గమనించి ఉండరు గానీ, కూల్‌డ్రింకుల ఫ్రిజ్ పక్కన చిప్స్ ప్యాకెట్లు ఒక ప్లాస్టిక్ పట్టీకి గుచ్చి వేలాడుతుంటాయి. చిప్స్‌కి వేరే అర ఉంది కదా, ఇక్కడెందుకు? ఆ అర దాటి వచ్చేసినవాడికి ఇది రెండో అవకాశం. పాస్తా పక్కన సాస్, టీపొడి పక్కన బిస్కెట్లు, అన్నీ ఆ లెక్కే.

బిల్లు దగ్గర వరుసలో ఏం చేయాలో తోచదు. అప్పటికే వంద నిర్ణయాలు చేసి బుర్ర అలిసిపోయి ఉంటుంది. చేతికందే దూరంలో చాక్లెట్లు, బ్యాటరీలు, చూయింగ్ గమ్. అన్నీ చిన్న ధరలే, పెద్ద బిల్లు పక్కన ఆనవు. విరుగుడు సులువు: వరుసలో నిలబడే ముందే చీటీ తీసి బండిలో ఉన్నవాటితో సరిచూడటం. అక్కడ ఇద్దరు ఉంటే ఒకరు బయట ఆగడం. పిల్లలుంటే వాళ్ళు ఆ బయటి మనిషి దగ్గర.

అన్నానగర్ అబ్బాయి



అన్నా, పాలను కొట్టు చివర ఎందుకు పెడతారో కూడా చెప్పు. అందరినీ కొట్టంతా తిప్పడానికే కదా?

షెల్ఫ్ సర్దేవాడు

అది సగమే నిజం. సరుకు దిగే తలుపు వెనకాలే ఉంటుంది, చల్లటి గది కూడా అక్కడే. పాల ట్రేలు తలుపు నుంచి ముందు దాకా మోయలేరు కాబట్టి ఫ్రిజ్ వెనక గోడకే వస్తుంది. తిప్పించడం వాళ్ళకు కలిసొచ్చిన లాభం. ప్రతిదాన్నీ కుట్ర అనుకుంటే అసలు కుట్ర కనపడదు.

లెక్కల పద్దు

ఆఫర్ల లెక్క నా వంతు. అంకెలు ఉదాహరణకే.

"50% + 20%" అంటే 70 కాదు. 1000 రూపాయల చొక్కా 500 అవుతుంది, ఆ 500 మీద 20 శాతం పోతే 400. మొత్తం తగ్గింపు 60 శాతం. "రెండు కొంటే ఒకటి ఉచితం" అంటే 33 శాతం, అదీ మూడూ వాడితేనే. "రెండోది సగం ధరకే" వినడానికి 50 లాగా ఉంటుంది, తేలేది 25. "40% తగ్గింపు, గరిష్ఠంగా 80 రూపాయలు" అంటే 200 రూపాయల దాకానే 40 శాతం; 800 బిల్లు మీద 10 శాతమే.

పెద్ద ప్యాకెట్ ఎప్పుడూ చవక అనే నమ్మకం మీద చాలా సరుకు కదులుతుంది. దీనికి చట్టమే ఒక ఆయుధం ఇచ్చింది. ప్యాకేజీ సరుకుల తూనికలు, కొలతల నియమాలకు 2021లో చేసిన సవరణ ప్రకారం ప్యాకెట్ మీద యూనిట్ ధర కూడా వేయాలి. అయితే చిన్న మెలిక ఉంది. కిలో లోపు ప్యాకెట్‌కి గ్రాము ధర, కిలో దాటితే కిలో ధర వేస్తారు. ఒక బట్టల పౌడరు 500 గ్రాములు 145 రూపాయలు, అదే పౌడరు 1.2 కిలోలు 330 అనుకోండి. మొదటిదాని మీద "గ్రాముకు ₹0.29" అని, రెండోదాని మీద "కిలోకు ₹275" అని ఉంటుంది. చూడగానే పోల్చలేం. 0.29ని వెయ్యితో హెచ్చిస్తే 290. అంటే పెద్దదాంట్లో కిలోకు 15 రూపాయలు మిగులు. బట్టల పౌడరు పాడవదు కాబట్టి తీసుకోవచ్చు. అదే ఫిల్టర్ కాఫీ పొడి అయితే, నెలాఖరుకి వాసన పోయిన పొడి తాగడానికి ఆ 15 చాలదు.

తలకిందుల మోసం ఇంకోటుంది. 5, 10 రూపాయల ప్యాకెట్ల ధర మామూలుగా మారదు, లోపలి గ్రాములు తగ్గుతాయి. ధర చూసే అలవాటున్నవాడికి ఏమీ జరగనట్టే ఉంటుంది. బరువు చూడండి.

ఇక "999 పైన కొంటే 100 తగ్గింపు". ఇది నిజంగా లాభమా కాదా అన్నది మీ బుట్ట ఎక్కడుందో బట్టి ఉంటుంది. బుట్ట 870 అయితే 130 రూపాయల వస్తువు కలిపితే కట్టేది 900, అంటే ఆ వస్తువు మీకు 30కే వచ్చినట్టు. తీసుకోండి, తప్పేం లేదు. బుట్ట 640 అయితే 360 సరుకు కలపాలి, అదనంగా 260 కడతారు. ఉచిత డెలివరీకీ అదే సూత్రం. బుట్ట 150, హద్దు 199, డెలివరీ 25 అనుకుంటే, 49 రూపాయల వేరుశెనగ చిక్కీ మీకు 24కి పడుతుంది. "24 పెట్టి ఈ చిక్కీ కొంటానా?" అని మిమ్మల్ని మీరే అడగండి. "డెలివరీ డబ్బు మిగిలింది" అనుకోవద్దు. ఈ హద్దుల్ని మామూలు బుట్ట కంటే కాస్త పైనే పెడతారు, అందుకే ఎప్పుడు చూసినా ఇంకో ముప్పై, నలభై రూపాయల దూరంలోనే ఉంటాం.

పానగల్ పార్క్ పావురం

బట్టల కొట్లు. ముందుగా ఒక మాట: ఆడి మాసం, మన ఆషాఢం ఒకటి కావు. తమిళులది సూర్యమానం, జూలై మధ్య నుంచి ఆగస్టు మధ్య దాకా. మనది చాంద్రమానం, సాధారణంగా ముందే మొదలవుతుంది. రెంటిలోనూ పెళ్ళిళ్ళుండవు, బేరాలుండవు, అందుకే రెంటికీ తగ్గింపు అమ్మకాలు పుట్టాయి. చెన్నైలో ఉన్న తెలుగు ఇల్లు రెండు సేల్‌లకూ చిక్కుతుంది, అదీ మన భాగ్యం.

చీరల కౌంటర్ దగ్గర జరిగేది ఇది. మీరు "రెండు వేలలో చూపించండి" అంటారు. మొదట పరిచేది 4500ది. "ఊరికే చూడండమ్మా, కొనక్కర్లేదు" అంటాడు. ఆ తర్వాత 2800ది తీస్తే అది చవకగా కనపడుతుంది, మీ రెండు వేలు మీకే పిసినారితనంలా తోస్తుంది. మొదట విన్న అంకె చుట్టూనే మన అంచనా తిరుగుతుందని ట్వెర్‌స్కీ, కానెమన్ అనే మనస్తత్వ శాస్త్రవేత్తలు 1974లో చూపించారు, దాన్ని యాంకరింగ్ అంటారు. టీనగర్ సేల్స్‌మన్‌కి ఆ పేరు తెలియకపోవచ్చు, పని మాత్రం వాళ్ళకంటే బాగా తెలుసు.

రెండో ఎత్తు మడతలు. పది చీరలు విప్పి కుప్ప పోశాక, ఏమీ కొనకుండా లేవడానికి మొహమాటం. ఆ కుప్ప మళ్ళీ మడవడం వాళ్ళ రోజువారీ పనే. "మూడే తియ్యండి, రెండు వేలు దాటినవి వద్దు" అని కూర్చునే ముందే చెప్తే సగం పని అయిపోతుంది. 4500ది తీస్తే "దాన్ని పక్కన పెట్టండన్నా" అని విప్పకముందే ఆపాలి. విప్పాక ఆపితే లాభం లేదు.

రంగు సంగతి. కౌంటర్ పైన కొట్టొచ్చే దీపాల కింద మెరూన్ ఒకలా, బయట ఎండలో ఒకలా ఉంటుంది. తలుపు దగ్గరకు తీసుకెళ్ళి చూస్తామంటే మంచి కొట్లో ఎవరూ కాదనరు. పట్టు అంటే సిల్క్ మార్క్ లేబుల్ అడగండి. అది పట్టు అసలుదని చెప్తుంది, జరీ గురించి కాదు. ఆ రెండూ కలిపేసి అమ్మడం మామూలే.

బిల్లు ఒక చోట, డబ్బు కట్టేది ఇంకో చోట, సంచీ ఇచ్చేది కింద గుమ్మం దగ్గర. ఈ మూడింటి మధ్య నడకలో ఎదురయ్యేవి దుపట్టాలు, రుమాళ్ళు, పిల్లల గౌన్లు. బిల్లు చీటీ చేతికి వచ్చాక ఇంకేదీ ఆ చీటీలో చేర్పించకుండా నేరుగా డబ్బు కౌంటర్‌కే. బిల్లు అడుగున చిన్న అక్షరాల్లో మార్పిడి నియమం ఉంటుంది. సేల్ సరుకుకు మార్పిడి లేదని రాసి ఉంటే, కొలతలున్న బట్టలు సేల్‌లో కొనకపోవడమే మేలు. చీరకు పర్వాలేదు.

అన్నానగర్ అబ్బాయి

యాప్‌లు. దీనికి దేశంలో చట్టపరమైన జాబితానే ఉంది. కేంద్ర వినియోగదారుల రక్షణ ప్రాధికార సంస్థ 2023 నవంబరు 30న డార్క్ ప్యాటర్న్‌ల (కొనేవాళ్ళను ఏమార్చే తెర మీది కిటుకుల) మీద మార్గదర్శకాలు ఇచ్చింది, మొత్తం 13 రకాలు. మన చర్చకు పనికొచ్చేవి: లేని తొందర పుట్టించడం, అడక్కుండా బుట్టలో ఏదో చేర్చడం, "వద్దు, నాకు పొదుపు అక్కర్లేదు" లాంటి బటన్‌తో సిగ్గుపరచడం, ధర చివరిదాకా కొంచెం కొంచెంగా బయటపెట్టడం, చందాలోంచి బయటకు రానివ్వకపోవడం.

పరీక్షించే పద్ధతులు. "ఇంకా 09:58 నిమిషాలే" అని గడియారం తిరుగుతుంటే యాప్ పూర్తిగా మూసి తెరవండి, లేదా ఇంట్లో ఇంకొకరి ఫోన్‌లో చూడండి. మళ్ళీ పది నిమిషాల నుంచే మొదలైతే అది గడియారం కాదు, బొమ్మ. "రెండే మిగిలాయి" అన్నదాన్ని మర్నాడు చూడండి. చెల్లించే పేజీలో మొత్తం అంకె మీద నొక్కి విడివిడిగా చదవండి: హ్యాండ్లింగ్ (సరుకు సర్ది పంపే) రుసుము, చిన్న బుట్ట రుసుము, వాన రుసుము, విరాళం, వస్తువుకు బీమా. ముందే టిక్కు పెట్టి ఉంచడం 2020 ఈ-కామర్స్ నియమాల ప్రకారమే కుదరదు, అయినా కనిపిస్తే స్క్రీన్‌షాట్ తీసి పెట్టుకోండి.

అసలు బలం మాత్రం చెల్లింపులో ఉంది. కోరికకూ డబ్బుకూ మధ్య ఎన్ని మెట్లుంటే అంత మంచిది, యాప్ చేసే పనంతా ఆ మెట్లు తీసేయడమే. మళ్ళీ పెట్టుకోవాల్సినవి ఇవి.

నిలవ చేసిన కార్డు తీసేయండి. కొన్న ప్రతిసారీ పదహారు అంకెలు కొట్టాలి. లేచి పర్సు తెచ్చుకునే లోపు సగం కోరికలు చల్లారతాయి. పిన్ లేకుండా పోయే యూపీఐ లైట్‌ను సరుకుల యాప్‌లకు వాడొద్దు, ఒక్కోసారికి వెయ్యి దాకా అలాగే జారిపోతుంది. బ్యాంకు యాప్‌లో కార్డు సెట్టింగులు తెరిస్తే ఆన్‌లైన్ వాడకానికి స్విచ్, రోజువారీ హద్దు ఉంటాయి. 2020 నుంచి రిజర్వు బ్యాంకు ఆదేశంతో అన్ని బ్యాంకులూ ఇస్తున్నాయి. స్విచ్ ఆపి ఉంచి, కావాల్సినప్పుడు వేసుకోండి.

నోటిఫికేషన్లు మొత్తం ఆపితే డెలివరీ కబురు రాదని జనం ఆపరు. ఆండ్రాయిడ్‌లో యాప్ గుర్తును ఒత్తి పట్టుకుని యాప్ సమాచారంలోకి, అందులో నోటిఫికేషన్లలోకి వెళ్తే ఆర్డర్లకు ఒకటి, ప్రచారాలకు ఒకటి విడిగా మీటలు కనపడతాయి. రెండోది ఆపండి. కొన్ని యాప్‌లు తెలివిగా రెంటినీ ఒకే మీటలో కలిపేస్తాయి. అప్పుడు మొత్తం ఆపడమే, డెలివరీ అబ్బాయి ఎలాగూ ఫోన్ చేస్తాడు.

చందాలు: యూపీఐ యాప్‌లో ఆటోపే (ఖాతాలోంచి డబ్బు దానంతటదే పోయే ఏర్పాటు) అనే పేజీ తెరిచి నెలకోసారి చూడండి. ఇలాంటి కోతకు 24 గంటల ముందు మీకు సందేశం రావాలి. "మొదటి నెల ఒక్క రూపాయి" అన్నదానికి ఒప్పుకున్న రోజే ఆటోపే రద్దు చేసుకుంటే, చాలావాటిలో నెలంతా వాడుకోనిస్తారు.

వేళచ్చేరి వాణి

చాలా ఉపయోగంగా ఉంది. నో కాస్ట్ ఈఎంఐ, అదే ఖర్చు లేని నెలవాయిదాల సంగతి ఎవరైనా తేల్చండి. ఖర్చు లేనిదైతే తీసుకోక నష్టమేమిటి?

లెక్కల పద్దు

ఖర్చు ఉందండీ, ఇంకో గదిలో ఉంది. సున్నా వడ్డీ అనే పద్ధతిని రిజర్వు బ్యాంకు 2013లోనే ఆక్షేపించింది. అందుకని బ్యాంకు వడ్డీ వేస్తుంది, అమ్మేవాడు ఆ వడ్డీకి సమానంగా ముందే ధర తగ్గిస్తాడు. కాగితం మీద చెల్లు.

24,000 ఫోన్, 6 నెలలు, నెలకు 4,000, బ్యాంకు వడ్డీ ఏడాదికి 15 శాతం అనుకోండి. బ్యాంకు లెక్కలో అప్పు సుమారు 22,984, వడ్డీ 1,016. ఈ 1,016 మీకు తగ్గింపుగా వచ్చింది, సరే. కానీ క్రెడిట్ కార్డు వడ్డీ మీద 18 శాతం జీఎస్‌టీ ఉంది, అది 183. ప్రాసెసింగ్ రుసుము 199 అయితే జీఎస్‌టీతో 235. మొత్తం 418 మీ జేబులోంచే. ఒక్కసారే కట్టేవాళ్ళకు ఇచ్చే కార్డు తగ్గింపు ఏదైనా ఉండి, ఈఎంఐకి అది లేకపోతే, దాన్నీ కలుపుకోండి.

డబ్బుకంటే పెద్ద నష్టం, 24,000 అన్న అంకె కనపడకుండా పోవడం. పేజీలో "నెలకు 4,000" పెద్ద అక్షరాల్లో ఉంటుంది. 18,000 ఫోన్ చాలనుకుని వచ్చినవాడికి తేడా 6,000లా కాకుండా నెలకు వెయ్యిలా కనిపిస్తుంది.

టీనగర్ తాతయ్య

అందరూ బాగా రాశారు గానీ, అనుకోకుండా కొన్నదల్లా తప్పు అన్నట్టు నడుస్తోంది. హాకిన్స్ స్టెర్న్ అనే పరిశోధకుడు 1962లోనే దీన్ని నాలుగు రకాలు చేశాడు. వట్టి ఆవేశంతో కొనేది ఒకటి. అరలో చూడగానే ఇంట్లో అయిపోయిందని గుర్తొచ్చి కొనేది రెండు. ఎప్పుడూ చూడని వస్తువు చూసి దీనితో పనుందనిపించేది మూడు. ఏది చవకుంటే అది కొందామని వెళ్ళేది నాలుగు. రెండోదీ నాలుగోదీ ఇంటికి మేలే. ఉప్పు ప్యాకెట్ కనపడి ఉప్పు గుర్తొస్తే దాన్ని కూడా మార్కెటింగ్ మాయ అంటామా?

చిన్న ప్యాకెట్ మాట కూడా. షాంపూ సాషే ఈ తమిళనాడులో, కడలూరు వైపు నుంచి వచ్చిన సరుకు. చిక్ షాంపూ రంగనాథన్ గారి తండ్రి చిన్నికృష్ణన్ గారు ఆ పద్ధతికి ఆద్యుల్లో ఒకరు. సీసా కొనలేనివాళ్ళకు షాంపూ అందింది దానివల్లే. కాకపోతే చిన్న ధరకు బుర్ర అడ్డు చెప్పదు, అదే దాని బలం.

అన్నానగర్ అబ్బాయి

తాతయ్య గారూ, ఒప్పుకుంటాను. అయితే రకాలు ఎక్కువ పెట్టి జనాన్ని తికమకపెట్టి కొనిపిస్తారు కదా, ఆ జామ్ సీసాల ప్రయోగం ఉందిగా?

షెల్ఫ్ సర్దేవాడు

తలకిందులుగా గుర్తుంది తమ్ముడూ. అయ్యంగార్, లెప్పర్ అనే పరిశోధకులు 2000లో చూపింది: 24 జామ్‌లు పెట్టినప్పుడు ఎక్కువమంది ఆగారు, వాళ్ళలో కొన్నది 3 శాతం. ఆరే పెట్టినప్పుడు ఆగినవాళ్ళలో 30 శాతం కొన్నారు. అంటే రకాలు ఎక్కువైతే కొనలేకపోయారు. అదీ గట్టిగా నిలవలేదు. 2010లో అలాంటి ప్రయోగాలు యాభై కలిపి చూస్తే సగటున ప్రభావం సున్నాకు దగ్గరగా తేలింది. దాన్ని పట్టుకుని కొట్టు సర్దేవాళ్ళు లేరు.

సంగీతం మాత్రం పనిచేస్తుంది. మిల్లిమన్ అనే పరిశోధకుడు 1982లో ఒక సూపర్‌మార్కెట్‌లో చూస్తే, వేగం పాట కంటే నెమ్మది పాట పెట్టిన రోజుల్లో అమ్మకాలు 38 శాతం ఎక్కువ. జనం నెమ్మదిగా నడుస్తారు, నెమ్మదిగా నడిస్తే ఎక్కువ అరలు చూస్తారు. చెవుల్లో మీ సొంత పాట పెట్టుకుని వెళ్ళండి, కొంచెం వేగంగా ఉన్నది.

చీటీ గురించి ఒక్క మాట. "బిస్కెట్లు" అని రాస్తే అది చీటీ కాదు, అనుమతి పత్రం. "మేరీ 250 గ్రా. ఒకటి" అని రాయాలి. కొట్టు వరస తెలుసు కాబట్టి ఆ వరసలోనే రాస్తే వెనక్కి తిరగాల్సిన పని ఉండదు. వెనక్కి తిరిగిన ప్రతిసారీ ఇంకో ఎండ్ క్యాప్. పది సరుకుల లోపైతే బండి తీసుకోకండి, చేతిబుట్ట చాలు.

వేళచ్చేరి వాణి

ఆఖరి ప్రశ్న. నిన్న ఒక యాప్‌లో అడగని వారంటీ బుట్టలో చేరి బిల్లయిపోయింది అని పక్కింటివాళ్ళు అంటున్నారు. ఎవరికి చెప్పాలి?

అన్నానగర్ అబ్బాయి

మొదట యాప్ సహాయంలో రాతపూర్వకంగా, ఫిర్యాదు సంఖ్య తీసుకుని. కదలకపోతే జాతీయ వినియోగదారుల హెల్ప్‌లైన్ 1915. తెలుగులో మాట్లాడొచ్చు. ఆర్డర్ సంఖ్య, బిల్లు, చెల్లింపు పేజీ స్క్రీన్‌షాట్ దగ్గర పెట్టుకోమనండి. వారంటీ పత్రం మెయిల్‌లో వచ్చి ఉంటే దాంట్లో రద్దు గడువు ఎన్ని రోజులో ముందు చూడమనండి, గడువు లోపలే ఉంటే గొడవ లేకుండా అక్కడే తేలిపోతుంది.